‘సేఫ్‌గార్డ్స్’ అంటే రక్షణ కాదు: అణు వ్యవహారాల్లో ఢిల్లీ మాట విశాఖకు ఎలా చేరుతోంది?

పాతడెస్క్_ఎంవీపీకాలనీ

అందరికీ నమస్కారం. ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పత్రికల డెస్కుల్లో పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం విశాఖలోనే.

మొన్న మా అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర డిగ్రీ చదివే కుర్రాడొకడు నన్ను ఆపి అడిగాడు. "అంకుల్, శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు రియాక్టర్లు వచ్చినా భయం లేదటగా? అంతర్జాతీయ అణుశక్తి సంస్థతో మనకు రక్షణ ఒప్పందం ఉందని చదివాను" అన్నాడు. ఆ పిల్లవాడి తప్పేమీ లేదు. తప్పు మాలాంటి వాళ్లది. ‘సేఫ్‌గార్డ్స్’ అన్న మాటను ‘రక్షణలు’ అనీ ‘భద్రతా ప్రమాణాలు’ అనీ ఏళ్ల తరబడి రాసింది మేమే.

ఐఏఈఏ, అంటే ఆ అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, పెట్టే సేఫ్‌గార్డ్స్‌కీ ప్రమాదాలకీ సంబంధం లేదు. రియాక్టర్‌లోకి ఎంత ఇంధనం వెళ్లింది, ఎంత బయటికి వచ్చింది, మధ్యలో ఏమైనా బాంబు తయారీకి మళ్లిందా అని చూడటమే ఆ ఏర్పాటు. కెమెరాలు పెడతారు, సీళ్లు వేస్తారు, ఇన్‌స్పెక్టర్లు వచ్చి రికార్డులు తిరగేస్తారు. ప్లాంటు సురక్షితంగా నడుస్తోందా లేదా అన్నది మన దేశంలో ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ మండలి, చూసే పని. రెండూ వేర్వేరు.

ఇలా తారుమారైన మాట ఇదొక్కటే కాదు. 1998 మే 11 రాత్రి నేను డ్యూటీలో ఉన్నాను. మధ్యాహ్నం 3.45కి పోఖ్రాన్‌లో మూడు పరీక్షలు జరిపామని వాజ్‌పేయి గారు చిన్న ప్రకటన చదివారు. ఆ తర్వాత వార్తా ఏజెన్సీల కాపీ వరదలా వచ్చిపడింది. ‘నాన్ ప్రొలిఫరేషన్’ అని వచ్చిన ప్రతిచోటా నేను ‘అణ్వాయుధాల నిర్మూలన’ అని రాసుకుంటూ పోయాను. అచ్చయింది కూడా. మర్నాడు సాయంత్రం ఒక లెక్చరర్ గారు ఆఫీసుకు వచ్చి పేపరు నా బల్ల మీద పరిచి, ఎర్ర పెన్నుతో గీతలు గీసిన ఏడు చోట్లు చూపించారు. "బాబూ, నిర్మూలనకు ఇండియా వ్యతిరేకమని రాశారు. ఇండియా అభ్యంతరం దానికి కాదు" అన్నారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

వ్యాప్తి నిరోధం అంటే కొత్తవాళ్లకు బాంబు అందకుండా చూడటం. నిర్మూలన అంటే ఉన్నవాళ్లు కూడా వదిలేయడం. 1970లో అమల్లోకి వచ్చిన ఎన్‌పీటీ, అంటే అణ్వాయుధ వ్యాప్తి నిరోధక ఒప్పందం, 1967 జనవరి 1కి ముందు బాంబు పేల్చిన దేశాలను మాత్రమే అణ్వస్త్ర దేశాలుగా గుర్తించింది. అంటే అమెరికా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్, చైనా. మిగతావాళ్లు ఎప్పటికీ తయారు చేయకూడదు. ఇది ఇద్దరికి రెండు న్యాయాలని మన దేశం సంతకం పెట్టలేదు. ‘అందరూ వదిలేద్దాం అంటే మేమూ సిద్ధం, మేం ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వం, కానీ ఈ కాగితం మీద సంతకం చేయం’ అన్నదే మన దౌత్యవేత్తలు యాభై ఏళ్లుగా చెబుతున్న వాదన. ఒక్క మాట తప్పు రాస్తే ఈ వాదన మొత్తం తలకిందులైపోతుంది.

ఢిల్లీ విదేశీ పత్రికలతో మాట్లాడేటప్పుడు ప్రతి మాటా తూచి వాడుతుంది. అది మన వీధికి వచ్చేసరికి ఇలా అవుతోంది. సబ్‌మెరైన్లు, నావికా స్థావరం, పైన కొవ్వాడ, ఇవన్నీ చుట్టూ పెట్టుకుని బతుకుతున్న ఊరు మనది. మనకే సరిగ్గా తెలియకపోతే ఎలా? మీకు ఎదురైనవి కూడా రాయండి. మాటలు సరిచేసుకుందాం.

జాలరిపేట_కుర్రోడు

సార్, మాకు జరిగింది చెబుతాను. పోయిన ఏడాది, 2025 మే. ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం కదా, మరబోట్లన్నీ హార్బర్‌లో కట్టేసి ఉన్నాయి. జనమంతా ఖాళీ, చేతిలో ఫోను. 7న ఊళ్లో మాక్ డ్రిల్ పెట్టారు, అప్పటినుంచే టెన్షన్. 10న పాకిస్థాన్‌తో కాల్పులు ఆగాయి. ఆ తర్వాత మొదలైంది అసలు గోల. పాకిస్థాన్‌లో కిరానా కొండల్లో అణు గోదాం మీద మనవాళ్లు కొట్టేశారట, రేడియేషన్ లీకయిందట, లీకును అణచడానికి ఈజిప్టు విమానం బోరాన్ తెచ్చిందట. మా గ్రూపులో ఒకే వీడియో పదకొండు సార్లు వచ్చింది.

మా నాయనమ్మ గంప పెట్టుకుని అపార్ట్‌మెంట్ల వైపు వెళ్తుంది. ఆ రోజుల్లో తెప్పల మీద వెళ్లినవాళ్లు తెచ్చిన చేపలే అమ్మకానికి ఉండేవి. 13న మధ్యాహ్నం సగం గంప వెనక్కి తెచ్చింది. "ఏట్రా బాబూ, గాలికి ఇషం వచ్చేసిందని కొనట్లేదు" అని మెట్ల మీద కూలబడిపోయింది. గంప మీద కప్పిన తడి గోనెపట్టా కూడా తీయలేదు. సర్గోధా దగ్గర ఆ కొండలెక్కడ, మన ఊరెక్కడ? దాదాపు 2000 కిలోమీటర్లు. అది చెప్పేవాడు ఆ రోజు లేడు. నాకూ చెప్పడం రాలేదు.

పీజీ_పొలిటికల్‌సైన్స్

తమ్ముడూ, ఆ రోజుల్లో ఎవరు ఏం చెప్పారో నేను డైరీలో రాసుకున్నాను, ప్రాజెక్టు కోసం.

మే 12న సైన్యం ప్రెస్ మీట్‌లో ఎయిర్ మార్షల్ ఎ.కె. భారతిని కిరానా గురించి అడిగారు. అక్కడ అణు కేంద్రం ఉందని మాకు తెలియదు, చెప్పినందుకు థాంక్స్, మేం కిరానా కొండలను కొట్టలేదు అన్నారు. 13న విదేశాంగ శాఖ ప్రతినిధి రణధీర్ జైస్వాల్, మన సైనిక చర్య పూర్తిగా సంప్రదాయ ఆయుధాల పరిధిలోనే జరిగిందని చెప్పారు. లీకు సంగతి పాకిస్థానే జవాబు చెప్పాల్సిందన్నారు. మే నెల మధ్యలో ఐఏఈఏ తన దగ్గరున్న సమాచారం మేరకు పాకిస్థాన్‌లోని ఏ అణు కేంద్రం నుంచీ రేడియేషన్ లీకు లేదని తేల్చింది.

నా దృష్టిలో పుకారును ఆపింది ఆ మూడో మాటే. మొదటి రెండూ మనవాళ్లవి, నిజమే అయినా ‘వాళ్లు అలాగే అంటారు’ అనేవాళ్లుంటారు. మూడోది బయటి సంస్థది. అయితే అది వచ్చేసరికి మీ నాయనమ్మ గారి గంప వెనక్కి వచ్చి రెండు రోజులైంది.

రేడియేషన్ దాచిపెడితే దాగేది కాదు కూడా. 2006 అక్టోబరులో ఉత్తర కొరియా భూగర్భంలో చిన్న బాంబు పేలిస్తే, అందులోంచి వెలువడ్డ జెనాన్ అనే రేడియోధార్మిక వాయువు జాడ కెనడాలోని యెల్లోనైఫ్ కేంద్రంలో దొరికింది. ఇలాంటిది ఒక్కటి ముందే తెలిసి ఉంటే ఆ వీడియో మూడోసారి వచ్చినప్పుడైనా ఎవరో ఒకరు అడ్డం చెప్పేవారు.

కంచరపాలెం_మాజీసైనికుడు

పెద్దలు పాతడెస్క్ గారి ఆవేదన అర్థమైంది. కానీ ఒక మాట. అన్నీ బయటికి చెప్పాలంటే కుదరదు. మన అణ్వాయుధ సిద్ధాంతం 2003 జనవరిలో ప్రకటించారు: మనం ముందుగా ప్రయోగించం. ముందు దెబ్బ మనం కొట్టమని చెప్పాక, దెబ్బ తిన్న తర్వాత కూడా తిరిగి కొట్టగలిగేది ఒకటి దాగి ఉండాలి. అందుకే సబ్‌మెరైన్. 2009 జూలై 26న అరిహంత్‌ను మన ఊళ్లోనే జలప్రవేశం చేయించారు. 2018 నవంబరు 5న అది గస్తీ పూర్తి చేసిందని ప్రధాని ప్రకటించారు. 2024 ఆగస్టు 29న అరిఘాత్ కూడా ఇక్కడే చేరింది. ఎప్పుడు బయల్దేరింది, ఎక్కడుంది అని అడగకండి. అడిగితే దాని పనే చెడిపోతుంది.

ప్రకటనలు ఉన్నాయి కదా, సరిపోవా?

పాతడెస్క్_ఎంవీపీకాలనీ

సార్, మీరు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం కూడా కాదనను. సబ్‌మెరైన్ ఎక్కడుందో ఎవరూ అడగడం లేదు. ‘ముందుగా ప్రయోగించం’ అన్న మాట ఈ ఊళ్లో ఎంతమందికి తెలుసు అన్నదే నా ప్రశ్న. రహస్యంగా ఉంచాల్సింది దాచండి. బయటికి చెప్పేసిన మాటనైనా మనకు అందేలా చెప్పాలి కదా.

2008 సెప్టెంబరు సంగతి చెబుతాను. ఎన్‌ఎస్‌జీ అంటే అణు ఇంధనం, రియాక్టర్లు అమ్మే దేశాల గుంపు, అప్పటికి అందులో 45 దేశాలు. 1974లో మనం చేసిన అణు పరీక్ష చూసి పుట్టిన గుంపే అది. ఎన్‌పీటీలో చేరని మనకు అవి అమ్మేలా మినహాయింపు ఇవ్వాలా వద్దా అని వియన్నాలో కూర్చున్నారు. ఆస్ట్రియా, ఐర్లండ్, న్యూజిలాండ్ లాంటి చిన్న దేశాలు గట్టిగా పట్టుబట్టాయి, రేపు ఇండియా మళ్లీ పరీక్ష చేస్తే ఎలా అని. సరిగ్గా ఆ వారంలోనే, అమెరికా ప్రభుత్వం తమ కాంగ్రెస్‌కు రాసిన రహస్య లేఖ బయటపడింది. పరీక్ష చేస్తే మనతో అణు సహకారం ఆపేస్తామని అందులో ఉంది. ఇక్కడ ప్రతిపక్షాలు భగ్గుమన్నాయి. అక్కడ వాళ్లకు నమ్మకం కలగాలి, ఇక్కడ పార్లమెంటు ముందు తలొంచినట్టు కనపడకూడదు. సెప్టెంబరు 5న విదేశాంగ మంత్రి ప్రణబ్ ముఖర్జీ ఒక ప్రకటన ఇచ్చారు. పరీక్షల మీద మేం స్వచ్ఛందంగా, ఏకపక్షంగా విధించుకున్న ‘మొరటోరియం’కు కట్టుబడి ఉన్నాం, ముందుగా ప్రయోగించం, యురేనియాన్ని బాంబుకు కూడా పనికొచ్చేలా చేసే శుద్ధి పరిజ్ఞానం ఎవరికీ చేరనివ్వం అని. మర్నాడు మినహాయింపు వచ్చింది.

ఆ మొరటోరియంను ఆ రాత్రి చాలామంది ‘నిషేధం’ అని రాశారు. నిషేధం అంటే ఎవరో విధించినట్టు. మనమే మానుకుని ఉన్నాం, మళ్లీ అవసరమైతే నిర్ణయం మనదే అన్నది ఆ మాటలోని ప్రాణం. నేనైతే ‘స్వచ్ఛంద విరామం’ అని రాశాను. 1998 నాటి ఆ ఎర్ర గీతలు గుర్తొచ్చి, నలుగురిని అడిగి మరీ రాశాను.

ఓడమనిషి

మర్చంట్ నేవీలో ఉన్నాను, ప్రస్తుతం సెలవులో ఇంట్లో. మాకు సముద్రంలో ఒక పద్ధతుంది. క్షిపణి పరీక్ష ఉంటే ముందుగానే హెచ్చరిక వస్తుంది, ఈ అక్షాంశం నుంచి ఈ అక్షాంశం వరకు, ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల వరకు అటు రావద్దని. ఎందుకు అని రాయరు. కానీ ఎంత అవసరమో అంతా ఉంటుంది, ముందుగా ఉంటుంది. బాలిస్టిక్ క్షిపణి పరీక్షలకు ముందు ఇండియా, పాకిస్థాన్ ఒకరికొకరు చెప్పుకోవాలని 2005లో ఒప్పందం కూడా ఉంది.

ఆలస్యమైతే ఏమవుతుందో 2022 మార్చిలో చూశాం. 9న మన బ్రహ్మోస్ ఒకటి పొరపాటున ఎగిరి పాకిస్థాన్‌లో మియాన్ చన్నూ దగ్గర పడింది. 10న వాళ్ల సైన్యం ప్రెస్ మీట్ పెట్టి ప్రపంచానికి చెప్పింది. మన ప్రకటన 11న వచ్చింది, సాంకేతిక లోపం, తీవ్ర విచారకరం అని. నిజం ఒప్పుకున్నారు, విచారణ జరిపి ఆగస్టులో ముగ్గురు అధికారులను తొలగించారు. అది మెచ్చుకోవాలి. కానీ రెండు అణ్వస్త్ర దేశాల మధ్య ఆ రెండు రోజుల మౌనం తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడ. నేనప్పుడు అరేబియా సముద్రంలోనే ఉన్నాను. ఓడలో పాకిస్థానీ ఇంజనీరు ఒకాయన ఉండేవారు. ఇద్దరం ఒకే టీవీ ముందు నిలబడి ఒకే వార్త చూశాం, ఒకరినొకరు ఏమీ అడగలేకపోయాం.

పీజీ_పొలిటికల్‌సైన్స్

ఓడమనిషి అన్నయ్యా, త్వరగా చెప్పడం ఒక్కటే చాలదని కూడా రాయాలి. 2003 ఫిబ్రవరి 5న అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో ఫొటోలు, టేపులు, చేతిలో చిన్న సీసాతో సహా ప్రపంచమంతా చూసేలా చెప్పారు. ఇరాక్ కొన్న అల్యూమినియం గొట్టాలు యురేనియం శుద్ధి కోసమే అన్నారు. మార్చి 7న ఐఏఈఏ అధిపతి ఎల్‌బరాదీ అదే మండలిలో ఆ గొట్టాలు శుద్ధి కోసమని ఆధారాలు లేవన్నారు. నైజర్ నుంచి యురేనియం కొన్నారన్న పత్రాలు అసలైనవి కావన్నారు. రెండు వారాల్లోపే యుద్ధం మొదలైంది. ఎవరి దగ్గర కెమెరాలు ఎక్కువున్నాయో వాళ్ల మాటే గెలిచింది.

అందుకే పాకిస్థాన్ మీద మన దేశం మాట్లాడేటప్పుడు వాళ్ల అణు శాస్త్రవేత్త ఎ.క్యూ. ఖాన్ సంగతి ఎత్తడం నాకు నచ్చుతుంది. అది ఆరోపణ కాదు. 2003 అక్టోబరులో లిబియాకు వెళ్తున్న ఓడలో యురేనియం శుద్ధికి వాడే సెంట్రిఫ్యూజ్ యంత్రాల భాగాలు దొరికాయి, అణు పరిజ్ఞానం బయటి దేశాలకు చేరవేశానని 2004 ఫిబ్రవరి 4న ఆయనే టీవీలో ఒప్పుకున్నాడు. మూడు నెలలు తిరగకముందే, అలాంటి ఆయుధాలు ప్రభుత్వాలు కాని ముఠాల చేతికి చిక్కకూడదని భద్రతా మండలి 1540 తీర్మానం చేసింది. ఎవరైనా వెళ్లి సరిచూసుకోగలిగిన మాట అది. 2025 మే, జూన్‌లలో మన వాదన వినిపించడానికి ఏడు అఖిలపక్ష బృందాలు దేశదేశాలకు వెళ్లాయి. మన రాష్ట్రం ఎంపీలు పురందేశ్వరి గారు, హరీష్ బాలయోగి గారు కూడా ఉన్నారు. వాళ్లు బ్రస్సెల్స్‌లోనో వాషింగ్టన్‌లోనో చెప్పింది ఇక్కడికి వచ్చి గంటసేపు తెలుగులో కాలేజీ పిల్లలకు చెబితే ఎంత బాగుంటుందో.

రణస్థలం_ఆడపడుచు

మాది కొవ్వాడ పక్క ఊరు. పెళ్లయి గాజువాకలో ఉంటున్నాను. ఇంతవరకు చదివి ఒక్కటే అడగాలనిపించింది. సేఫ్‌గార్డ్స్ అంటే ప్రమాదం నుంచి రక్షణ కాదని ఇవాళే తెలిసింది. మా నాన్న పదేళ్లుగా ‘తనిఖీలకు ఫారిన్ వాళ్లు వస్తారు, మనకేం కాదు’ అనుకుంటున్నారు. ఆ ధైర్యంతోనే మీటింగుల్లో నోరెత్తకుండా కూర్చునేవారు. 1208 మెగావాట్లవి ఆరు రియాక్టర్లు అంటున్నారు. ఇప్పుడు నేను నాన్నకు ఏం చెప్పాలి?

పాతడెస్క్_ఎంవీపీకాలనీ

అమ్మా, మీ ప్రశ్న చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ నాన్నగారి ధైర్యంలో నా కలం తప్పు కూడా ఉంది.

ఇలా చెప్పండి. విదేశీ రియాక్టరు, విదేశీ ఇంధనం వస్తే ఐఏఈఏ వాళ్లు తప్పకుండా వస్తారు. వాళ్లు ఇంధనం లెక్క చూస్తారు. గోడలు గట్టివా, తుపాను వస్తే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి, ఊరు ఖాళీ చేయాల్సి వస్తే దారి ఏది, నష్టపరిహారం ఎవరిస్తారు, ఇవి వాళ్లు అడగరు. ఇవి అడగాల్సింది మీ నాన్నగారే, మీటింగులో లేచి నిలబడి, ఏఈఆర్‌బీనీ కంపెనీనీ ప్రభుత్వాన్నీ.

సీతమ్మధార_సోషల్‌టీచర్

మాస్టారూ, పిల్లలకు చెప్పే మాట కావాలి నాకు. ‘సేఫ్‌గార్డ్స్’కు తెలుగు మాట ఏం ఖాయం చేస్తారు? ‘పరిరక్షక చర్యలు’ అని ఒక పుస్తకంలో ఉంది. తొమ్మిదో తరగతి వాడికి నోరు తిరగదు, అర్థమూ తప్పే.

జాలరిపేట_కుర్రోడు

టీచర్ గారూ, నిన్న రాత్రి మా నాయనమ్మకు ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను. ‘ఎంత పోయింది, ఎంత వచ్చింది’ అన్నచోట ఆపి, "అది లెక్కాచారం కదరా. బోటు ఒడ్డుకొస్తే సేటు చేసీదే" అంది.

పాతడెస్క్_ఎంవీపీకాలనీ

లెక్కాచారం! ముప్పై ఏళ్లు డెస్కులో కూర్చుని నాకు తట్టని మాట. ‘అణు లెక్కాచారం’ అని రాస్తే ఎవరూ దాన్ని రక్షణ అనుకోరు. బాబూ, మీ నాయనమ్మ గారికి నా నమస్కారం చెప్పు.

దీనితో పాటు ఇంకొకటి రాస్తాను, టీచరమ్మ పనికొస్తుందేమో చూడండి. ఇండియా, పాకిస్థాన్ ఒకరి అణు కేంద్రాల మీద మరొకరు దాడి చేయకూడదని 1988 డిసెంబరు 31న ఒప్పందం చేసుకున్నాయి. 1992 నుంచి ఏటా జనవరి 1న కేంద్రాల జాబితాలు మార్చుకుంటాయి, విదేశాంగ శాఖ నాలుగు వాక్యాల ప్రకటన ఇస్తుంది. కార్గిల్ జరిగినా, పార్లమెంటు మీద దాడి జరిగినా ఆపలేదు. మా డెస్కులో అది ఎప్పుడూ లోపలి పేజీలో సింగిల్ కాలమ్. చాలాసార్లు చోటు లేక తీసేసేవాళ్లం. కిరానా పుకారు రోజున జనానికి ఈ ఒప్పందం సంగతి తెలిసి ఉంటే, అణు కేంద్రాన్ని కొట్టడం ఎంత పెద్ద మాటో, మన ప్రతినిధులు కొట్టలేదని అంత గట్టిగా ఎందుకు చెప్పారో అర్థమయ్యేది.

కంచరపాలెం_మాజీసైనికుడు

జాబితా మాట నాకూ తెలియదు సార్, సర్వీసులో ఉండి కూడా. ఒప్పుకుంటున్నాను, చెప్పేసిన మాటను చేరవేయడం కూడా పనే.

సీతమ్మధార_సోషల్‌టీచర్

ఈ ఉదయం క్లాసులో బోర్డు మీద నాలుగు మాటలు రాశాను: వ్యాప్తి నిరోధం, నిర్మూలన, స్వచ్ఛంద విరామం, లెక్కాచారం. ఒక్కొక్కదానికి ఇక్కడ మీరు చెప్పిన కథే చెప్పాను. వెనక బెంచీ పిల్లాడు, వాళ్ల నాన్న డాక్‌యార్డులో పని చేస్తాడు, లేచి అడిగాడు. "టీచర్, మన అరిహంత్ కూడా ఆ లెక్కాచారంలోకి వస్తుందా?"

రాదు నాన్నా అని చెప్పాను. 2006లో మన దేశం అణు కేంద్రాలను రెండుగా విడదీసింది, 22 విద్యుత్ రియాక్టర్లలో 14 తనిఖీల కిందికి ఇచ్చింది, సైనిక పనికి వాడేవి బయటే ఉంచుకుంది, అరిహంత్ అటువైపుది అన్నాను. "అంటే దాని లెక్క ఎవరు చూస్తారు?" అన్నాడు. మన ప్రభుత్వమే అన్నాను. వాడు కాసేపు ఆలోచించి కూర్చుని, నోటుబుక్కులో రాసుకున్నాడు.